డోమ్ పెరిన్యోన్: ఓవిలేర్ మఠపు ఉగ్రాణాధికారి



మోటారు పందెంలో గెలిచినవాడు పెద్ద సీసా పట్టుకుని, బిరడా ఎగరగొట్టి, నురుగును చుట్టూ ఉన్నవాళ్ళ మీద చిమ్మడం మీరు టీవీలో చూసే ఉంటారు. సాధారణంగా ఆ సీసాలో ఉండేది షాంపేన్. ఫ్రాన్సు దేశంలో, ప్యారిస్‌కు తూర్పున ఉన్న షాంపేన్ సీమలో తయారయ్యే నురుగు ద్రాక్షారసం అది. వాటిలో బాగా పేరున్న, బాగా ఖరీదైన ఒక రకం సీసా మీద డోమ్ పెరిన్యోన్ అని రాసి ఉంటుంది. వ్యాపారి పేరనో ఊరి పేరనో అనుకుంటారు చాలామంది. పునీత బెనెడిక్టు సభకు చెందిన ఒక మఠవాసి పేరది. 'డోమ్' అన్నది ఆయన పేరులో భాగం కూడా కాదు. ప్రభువు అనే అర్థమున్న లాటిన్ మాటను కుదించి ఆ సభ గురువులను మన్ననగా పిలిచే పిలుపు. మనం 'ఫాదర్‌గారు' అంటామే, అలాగే.

స్వామివారికి ఈ వారం రాయడానికి ఇంతకంటే మంచి సంగతి దొరకలేదా అని కొందరు తల్లులు నొసలు ముడుస్తారని తెలుసు. తాగుడు వల్ల మన విచారణల్లో ఎన్ని కాపురాలు కూలాయో గురువులకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఈ మనిషి కథ మీరు తెలుసుకోవాలి. తాను చేయని పనికి లోకమంతా కీర్తి పొందుతున్నవాడు ఆయన. చేసిన పని మాత్రం అడిగేవారు లేరు.

పియెర్ పెరిన్యోన్ 1638 చివరిలో సెంత్-మెనూ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1639 జనవరి 5న జ్ఞానస్నానం పొందాడు. తండ్రి న్యాయస్థానంలో గుమాస్తా. ఆ కుటుంబానికి కొన్ని ద్రాక్షతోటలుండేవి. బిడ్డకు ఏడాది నిండకముందే తల్లి కన్నుమూసింది. షాలోన్ పట్టణంలో యేసుసభ గురువుల దగ్గర చదువుకున్నాడు. యౌవనంలోనే వెర్దన్‌లో ఉన్న పునీత వాన్ మఠంలో చేరి, గురువయ్యాడు. ముప్పై ఏళ్ళ వయసులో, 1668లో, ఆయనను ఓవిలేర్ మఠానికి పంపారు. మళ్ళీ అక్కడినుంచి కదలలేదు.

ఓవిలేర్ ఎపెర్నే పట్టణానికి దగ్గరలో, మార్న్ నది లోయకు ఎగువన కొండవాలు మీద ఉంది. ఏడవ శతాబ్దంలో రెయిమ్స్ పీఠాధిపతి పునీత నివార్ ఆ మఠాన్ని స్థాపించాడు. కొన్స్తంతీను చక్రవర్తి తల్లి పునీత హెలేనమ్మ అవశేషాలు తొమ్మిదవ శతాబ్దం నుంచి అక్కడ ఉండడంతో యాత్రికులు వచ్చేవారు. కాని పదిహేడవ శతాబ్దపు యుద్ధాలు షాంపేన్ సీమను పీల్చి పిప్పిచేశాయి. పెరిన్యోన్ వచ్చేనాటికి మఠానికి పేరు మిగిలిందే గాని కలిమి మిగలలేదు.

ఆయనకు అప్పగించిన పని ఉగ్రాణం. ధాన్యం, నూనె, వంటచెరకు, పొలాలు, కౌలు లెక్కలు, కింద నేలమాళిగలోని ద్రాక్షారసపు పీపాలు, అన్నీ ఆయన బాధ్యతే. ఇదేదో చిల్లర ఉద్యోగమనుకోకండి. పునీత బెనెడిక్టు తన నియమావళిలో 31వ అధ్యాయాన్ని పూర్తిగా ఉగ్రాణాధికారికే కేటాయించాడు. అతడు మఠంలో అందరికీ తండ్రిలా ఉండాలి. రోగులను, పిల్లలను, అతిథులను, పేదలను చూసుకోవాలి. మఠంలోని ప్రతి పాత్రనూ బలిపీఠం మీది పూజాపాత్రలా భావించాలి. గరిటెకూ పూజాపాత్రకూ ఒకే మర్యాద! ఈ అధ్యాయాన్ని గుర్తుంచుకోండి. దీనితో తరువాత పనుంది.

ఆయన ద్రాక్షతోటల మీద ఎలా పని చేశాడో శిష్యుడు బ్రదర్ పియెర్ రాసిపెట్టాడు. ఆయన పోయిన మూడేళ్ళకు, 1718లో వెలువడిన ఒక పుస్తకంలోనూ ఆ పద్ధతులే కనిపిస్తాయి. తీగను మూడడుగులకు మించి పెరగనివ్వరాదు, బాగా కత్తిరించాలి. కాపు తగ్గినా ఫరవాలేదు, రసం చిక్కబడుతుంది. ఎండెక్కకముందే, చల్లని వేళలోనే గుత్తులు కోయాలి. చితికిన పండు, పగిలిన పండు ఏరి పారేయాలి. గుర్రాలు బెదిరి పండును కుదిపేస్తాయి గనుక మోతకు నెమ్మదైన గాడిదలో కంచరగాడిదలో మేలు. గానుగ తోటకు దగ్గరగా ఉండాలి.

ఈ చివరి మాటలోనే అసలు కిటుకుంది. ఆయనకు ఇష్టమైనది పినో న్వార్ అనే నల్లద్రాక్ష. నల్లద్రాక్షనుంచి తెల్ల ద్రాక్షారసం ఎలా వస్తుందంటారా? ఒక నల్లపండు తోలు ఒలిచి చూడండి. రంగంతా తోలులోనే ఉంటుంది, లోపలి రసం తెల్లనిదే. ఆలస్యం లేకుండా మెల్లగా పిండితే ఆ రంగు రసంలోకి దిగదు. ఇక రుచి. ఒక తోట పండులో పులుపెక్కువ, మరో తోట పండులో తీపెక్కువ. ఆయన వేర్వేరు తోటల పండ్లను రాత్రి కిటికీలో ఉంచి, ఉదయాన్నే పరగడుపున రుచి చూసి, ఏది దేనితో ఎంత కలపాలో పిండకముందే నిర్ణయించేవాడు. ఈ కలపడంలో ఆయనకు సాటి లేరన్నారు. ఓవిలేర్ రసం మామూలు రసంకంటే ఎన్నో రెట్లు ధర పలికింది. ఆయన చేతిమీదుగా మఠపు తోటల విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది.

మరి నురుగు సంగతి? ఆ నురుగును పుట్టించింది ఆయనేనని లోకం చెబుతుంది. అది నిజం కాదు. షాంపేన్ చలిదేశం. శరదృతువులో పులియడం మొదలైన రసం చలికాలం రాగానే, తీపి ఇంకా మిగిలి ఉండగానే, పులియడం ఆపేస్తుంది. వసంతంలో వెచ్చబడగానే మళ్ళీ పులుస్తుంది. పీపాలో ఉంటే బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. బిరడా బిగించిన సీసాలో పోయే దారి లేక రసంలోనే కలిసిపోతుంది. కట్టెల మంటతో చేసిన అప్పటి ఫ్రెంచి గాజు ఆ ఒత్తిడికి ఆగేది కాదు. ఒక సీసా పగిలితే దాని దెబ్బకు పక్కవీ పగిలేవి. పెరిన్యోన్ దృష్టిలో ఆ బుడగ ఒక దోషం. దాన్ని రానివ్వకుండా చేయాలనే ఆయన శ్రమపడ్డాడు. తెల్లద్రాక్షకంటే నల్లద్రాక్ష రసం మళ్ళీ పులియడం తక్కువని గమనించడం కూడా ఆయన దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. ఇంగ్లండులో క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు ద్రాక్షారసంలో చక్కెర కలిపి నురుగు తెప్పించే పద్ధతిని 1662లోనే లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. అప్పటికి మన పెరిన్యోన్ ఓవిలేర్ గడప తొక్కలేదు.

ఈ కట్టుకథకు మూలం 1821 నాటి ఒక ఉత్తరం. ఫ్రెంచి విప్లవంలో మఠం మూతపడింది, మఠవాసులు చెదిరిపోయారు. ఓవిలేర్ చివరి ఆర్థిక నిర్వాహకుడైన డోమ్ గ్రొసార్ ముసలితనంలో ఆ ఉత్తరం రాస్తూ, నురుగు ద్రాక్షారసం రహస్యం కనుగొన్నది తమ పెరిన్యోనేనని చెప్పాడు. కూలిపోయిన ఇంటి గొప్ప చెప్పుకునే ముసలివాణ్ణి మనం కఠినంగా నిందించలేం. వ్యాపారులు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఆ రసం నోట పడగానే నక్షత్రాలను తాగుతున్నానంటూ ఆయన తోటివాళ్ళను కేకేశాడన్న ముచ్చట పందొమ్మిదవ శతాబ్దం చివరి ప్రకటనల్లో పుట్టింది. సెమినరీలో తర్కశాస్త్రం చెప్పేటప్పుడు, ఒకదాని తరువాత మరొకటి వచ్చింది గనుక దానివల్లే వచ్చిందనుకోవడం తప్పని మొదటి నెలలోనే నేర్పుతారు. పెరిన్యోన్ పోయిన కొన్నేళ్ళకే, 1728లో రాజాజ్ఞ రావడంతో, ఆ నురుగు రసం సీసాల్లో ఊళ్ళు దాటింది. లోకం వెనక్కి చూసి దగ్గరలో కనిపించిన పేరు తగిలించింది.

విప్లవం తరువాత మఠపు ఆస్తి షాంపేన్ వ్యాపారులైన మొయెట్ కుటుంబం చేతికి వచ్చింది. 1921 కాపుతో చేసిన రసాన్ని ఆ సంస్థ 1936లో డోమ్ పెరిన్యోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 2015లో యునెస్కో ఓవిలేర్ తోటలతో సహా షాంపేన్ కొండవాలులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆయన 1715 సెప్టెంబరులో మరణించాడు. 14వ లూయీ మహారాజు కూడా ఆయనలాగే 1638లో పుట్టి, అదే 1715 సెప్టెంబరులో పోయాడు. ఆ రాజు వైభవం మనం పాఠాల్లో చదువుకున్నాం. అదే రాజ్యంలో 1693, 94 సంవత్సరాల కరవులో పది లక్షలకు పైగా జనం చచ్చిపోయారు. 1709లో చలికి నేల గడ్డకట్టి పంట పోయి, మళ్ళీ ఆకలిచావులు. ఆ రెండు కరవుల్లోనూ ఓవిలేర్ ఉగ్రాణపు తాళంచెవులు పెరిన్యోన్ నడుముకే ఉన్నాయి.

మఠాధిపతులను మాత్రమే ఖననం చేసే చోట ఆయనను సమాధి చేశారు. ఓవిలేర్ దేవాలయంలో బలిపీఠానికి ముందు ఆ నల్లరాయి ఈనాటికీ ఉంది. దాని మీద లాటిన్‌లో ఒకే ఒక్క వాక్యం. నలభై ఏడేళ్ళు ఈ మఠానికి ఉగ్రాణాధికారిగా ఉన్నాడని, ఇంటి సొత్తును మెచ్చదగిన విధంగా నిర్వహించాడని, సుగుణాలు నిండినవాడని, ముఖ్యంగా పేదల మీద తండ్రిప్రేమ చూపాడని, డెబ్బై ఏడవ ఏట పోయాడని ఉంది. తండ్రిప్రేమ అన్న ఆ మాట చూడండి. 31వ అధ్యాయం ఉగ్రాణాధికారిని అడిగింది అదే. మధురమైన ద్రాక్షారసం చేశాడని గాని, ధర పెంచాడని గాని, నురుగు రప్పించాడని గాని ఆ రాయి మీద ఒక్క అక్షరం లేదు.