మౌలానా ఆజాద్: బడికి వెళ్లని విద్యామంత్రి



నవంబరు 11 జాతీయ విద్యా దినోత్సవం. 2008 నుంచి దేశమంతా జరుపుకుంటున్నారు. పటానికి దండ వేసి, మిఠాయి పంచితే పని అయిపోయిందనుకుంటాం. ఆ పటంలో ఉన్నాయన ఎవరని అడిగితే పిల్లలు మొదటి విద్యామంత్రి అని టక్కున చెప్తారు. అంతకు మించి అడిగితే తల దించుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, పాఠంలో ఉన్నదే అంత. మనవాళ్లకు స్వాతంత్ర్య పోరాటమంటే ముందు గుర్తొచ్చేది రైలు దారిలోనే ఉన్న విదురాశ్వత్థం, 1938 నాటి కాల్పులు. ఆజాద్‌కీ మన బడికీ సంబంధమేమిటని అడగొచ్చు. ఉంది, చెప్తాను.

అబుల్ కలాం ఆజాద్ 1888లో మక్కాలో పుట్టారు. తండ్రి ఖైరుద్దీన్ పేరున్న మతపండితుడు, తల్లి అరబ్బు ఆడపడుచు. కుటుంబం కలకత్తా వచ్చి స్థిరపడింది. తండ్రికి కొత్త చదువుల మీద నమ్మకం లేదు. అందుకని కొడుకును ఏ బడికీ పంపకుండా ఇంట్లోనే పారశీకం, అరబ్బీ, గణితం, తర్కం, తత్వశాస్త్రం చెప్పించారు. మామూలుగా ఇరవై దాటాక ముగిసే ఆ చదువును ఈ పిల్లవాడు పదహారేళ్లకే ముగించి, తానే కొందరికి పాఠాలు చెప్పాడు. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పలేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రాతలు చదివాక అది లేనిదే కుదరదనిపించింది. అక్షరాలు నేర్చుకుని, ఇంగ్లీషు బైబిలు ఒక పక్క, పారశీక, ఉర్దూ అనువాదాలు ఇంకో పక్క పెట్టుకుని, నిఘంటువు చూస్తూ చదివారు. తెలిసిన భాషను మెట్టుగా చేసుకుని తెలియని భాష ఎక్కడమన్నమాట. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు రాదని బెంగపడేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఆజాద్ అంటే స్వేచ్ఛ గలవాడు. పుట్టింటి నమ్మకాలనైనా పరీక్షించి చూడాలనుకున్న వయసులో ఆయన తనకు తానే పెట్టుకున్న పేరది. 1912లో అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక పెట్టారు. రెండేళ్లలో వారానికి 26 వేల ప్రతులు పోయేవి. సర్కారు దాన్ని మూయించింది, ఆయన్ను బెంగాల్ నుంచి వెళ్లగొట్టి రాంచీలో నిర్బంధించింది. ఖురాన్‌కు ఉర్దూలో రాస్తున్న అనువాద వ్యాఖ్యానం కాగితాలను పోలీసులు పట్టుకుపోతే మళ్లీ కూర్చుని రాశారు. 1923లో, 34 ఏళ్లకే, ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశానికి అధ్యక్షులయ్యారు.

1940లో రెండోసారి అధ్యక్షులై 1946 దాకా ఉన్నారు. 1942 ఆగస్టులో అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య గారు కూడా అక్కడే. 1943లో కలకత్తాలో భార్య జులేఖా బేగం చనిపోతే ఆఖరి చూపు కూడా దక్కలేదు. సర్కారును వేడుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఇక 1946. ఎనిమిదో తరగతిలో చెప్పడానికి కష్టమైన పాఠం ఇదే. ఇంగ్లండు నుంచి ముగ్గురు మంత్రుల బృందం వచ్చింది. రక్షణ, విదేశాంగం, రాకపోకలు, ఈ మూడు కేంద్రానికి ఉంచి, మిగతావి రాష్ట్రాలకు వదిలితే ముస్లింల భయం తీరుతుంది, దేశమూ ముక్కలు కాదు అని ఆజాద్ వాదన. మే 16 నాటి పథకం చాలా వరకు ఆ దారినే నడిచింది, రాష్ట్రాలను మూడు గుంపులు చేసింది. జూన్‌లో ముస్లిం లీగ్ ఒప్పుకుంది, కాంగ్రెసూ తన షరతులతో ఒప్పుకుంది. గుంపుల అర్థం దగ్గర పేచీ వచ్చింది. జులైలో కొత్త అధ్యక్షుడు నెహ్రూ, రాజ్యాంగ సభకు కట్టుబాట్లు లేవన్నట్టు మాట్లాడటంతో లీగ్ వెనక్కి తగ్గింది. ఆగస్టులో కలకత్తా నెత్తురోడింది. తాను అధ్యక్ష పదవి వదలడం పొరపాటని ఆజాద్ తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆయన ఉండి ఉంటే ఆగేదా? బలహీనమైన కేంద్రంతో దేశం నిలిచేదా? పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకోనీ అని వదిలేస్తాను. ఒకే జవాబు బోర్డు మీద రాసే పాఠం కాదది.

1947 జనవరి నుంచి చనిపోయేదాకా విద్యాశాఖ ఆయనదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ కమిషన్, 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ, 1953లో యూజీసీ ఆ కాలానివే. రాజ్యాంగ సభలో హిందుస్తానీ కావాలని కోరారు, నెగ్గలేదు. 1949 సెప్టెంబరు రాజీలో హిందీ అధికార భాష, పదిహేనేళ్లు ఇంగ్లీషు అని తేలింది.

దానికి నెల ముందు, ఆగస్టులో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. మనకు కావలసింది అది. రాష్ట్ర భాష వేరైనా ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఆ మాతృభాష వాళ్లుంటే, ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చెప్పడానికి ఒక టీచరునైనా వేయాలి. మాతృభాష ఏదో చెప్పే హక్కు తల్లిదండ్రులదే. 1956లో రాష్ట్రాల గీతలు మారాయి. మన తాలూకాలు ఎప్పటిలాగే మైసూరులోనే ఉన్నాయి. అప్పుడే ఈ ఆలోచన 350-ఏ అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కింది.

1958 ఫిబ్రవరి 22న ఆజాద్ ఢిల్లీలో కన్నుమూశారు. సమాధి జామా మసీదు దగ్గర ఉంది. ఆ పది, నలభై అంకెలు మాత్రం ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు తెరిచినప్పుడు నా కళ్ల ముందు ఉంటాయి. ఫారంలో మాతృభాష అనే గడి ఉంటుంది. కొందరు దాన్ని ఖాళీగా వదిలేసి పోతారు, నేను పిలిచి మళ్లీ రాయిస్తాను.