మట్టిలో మందు వెతికించిన మన సుబ్బారావు

స్క్రబ్ టైఫస్ జ్వరం వచ్చిందంటే డాక్టరు మొదట రాసేది డాక్సీసైక్లిన్ మాత్ర. కలరాకూ, ప్లేగుకూ కూడా ఆ మాత్ర వాడతారు. చవకగా దొరికే ఈ మందు పుట్టిన కుటుంబం పేరు టెట్రాసైక్లిన్లు. ఆ కుటుంబంలో అన్నిటికంటే ముందు దొరికినది ఆరియోమైసిన్. దాన్ని బయటికి తెచ్చిన పరిశోధనకు పెద్దదిక్కుగా నిలిచింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావుకు చదువు సులువుగా అబ్బలేదు. మెట్రిక్ పాసవ్వడానికే మూడుసార్లు పరీక్ష రాయాల్సి వచ్చింది. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ పట్టుబట్టి చదివించింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగాడు. అది నచ్చని ఇంగ్లీషు ప్రొఫెసర్ వల్ల ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అమెరికా వెళ్లకముందే ఇంటి మీద పిడుగు పడింది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. చేతిలో వైద్యం ఉంది కానీ ఆ జబ్బుకు మందు లేదు. ఆ బాధ ఆయన్ను జీవితమంతా వదల్లేదు.

మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా చేసిన సాయంతో 1922లో బోస్టన్ చేరాడు. భార్య శేషగిరిని పుట్టింట్లో వదిలి, త్వరలోనే వచ్చేస్తానని చెప్పి వెళ్లాడు. ఆ రాక మళ్లీ జరగలేదు. తండ్రి కళ్లారా చూడకుండానే కొడుకు పసితనంలోనే పోయాడు. అక్కడ ఈయనేమో పగలు చదువుకుంటూ, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట నింపుకున్నాడు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిలో కుదిరాక ఆయన ప్రతిభ బయటపడింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితోనే కండరాలను పరిశీలిస్తూ 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. ఏటీపీ అంటే జీవకణం జేబులో ఉండే చిల్లర డబ్బు లాంటిది. చేయి కదపాలన్నా, కొత్త పదార్థం తయారు చేయాలన్నా కణం ఖర్చు పెట్టేది దాన్నే.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు అది మందుగా పనికొచ్చింది. బోదకాలుకు ఇప్పటికీ మన ఊళ్లలో పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే.

పెన్సిలిన్‌కు లొంగని రోగాలు అప్పటికి ఎన్నో ఉండేవి. వాటికి మందు మట్టిలో ఉండొచ్చని, యూనివర్సిటీ నుంచి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు ఆ వెతుకులాట అప్పగించారు. డెబ్భై దాటిన ఆ పెద్దాయన ఎన్నో చోట్ల నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలో 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. చూడ్డానికి బూజులా ఉన్నా అది స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా. దాని రంగును బట్టే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు.

ఇంత చిన్న జీవి అంత క్లిష్టమైన మందును ఎలా చేస్తుంది? దాని పనివాళ్లు ఎంజైములు. దర్జీ దుకాణంలో ఒకరు గుడ్డ కత్తిరిస్తే, ఒకరు కుడతారు, ఇంకొకరు గుండీలు వేస్తారు. ఇక్కడా అంతే. ముందుగా ఒక ఎంజైము చిన్న కర్బన ముక్కలను కుట్టుకు సిద్ధం చేస్తుంది. ఇంకో ఎంజైముల జట్టు అలాంటి తొమ్మిది ముక్కలను ఒకదాని పక్కన ఒకటి అతికిస్తూ గొలుసు చేస్తుంది. మరికొన్ని ఆ గొలుసును మడిచి నాలుగు వలయాలుగా మారుస్తాయి. ఆక్సిజన్ చేర్చేది ఒకటి, మీథైల్ అనే చిన్న తునకలు తగిలించేది ఒకటి. చివర్లో ఇంకో ఎంజైము క్లోరిన్ పరమాణువును గుండీలా కుడుతుంది. ఈ వరసలో ఒక్క ఎంజైము లేకపోయినా అసలు మందు తయారవ్వదు. అలా తయారైన మందు, రోగం తెచ్చే బాక్టీరియా లోపలికి పోయి ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. దాంతో అది పెరగలేదు.

ఇక్కడ ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. మొదటి ముక్కలను సిద్ధం చేసే ఎంజైముకు కావలసిన ఖర్చు ఏటీపీయే. మీథైల్ తునకలను అందించే పదార్థాన్ని మళ్లీ మళ్లీ నింపేది ఫోలిక్ ఆమ్లం కుటుంబమే. అంటే సుబ్బారావు కండరంలో చూసిన డబ్బూ, అన్నదమ్ముల జబ్బు వెంట పోయి పట్టుకున్న విటమినూ, ఆ బంగారు సూక్ష్మజీవి కార్ఖానాలో కూడా పని చేస్తున్నాయి. ఈ ఎంజైముల లెక్క ఆయన పోయిన చాలా ఏళ్లకు గానీ శాస్త్రవేత్తలకు తేలలేదు.

1948 జులైలో ఆరియోమైసిన్ సంగతి లోకానికి చెప్పారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఆ డిసెంబరుకల్లా మందు బజారుకు వచ్చింది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, భీమవరం తిరిగి రాలేదు. ఇక్కడ శేషగిరి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది.

మట్టిలోని ఆ జీవికి, తన మందుతో తానే చావకుండా దాన్ని బయటికి తోడేసే పంపులు ఉన్నాయి. అలాంటి పంపులను రోగాలు తెచ్చే బాక్టీరియా కూడా సంపాదించుకుంటోంది. డాక్టరు చెప్పకుండా మాత్ర మింగినా, ఇష్టమొచ్చినట్టు వాడినా అలాంటి బాక్టీరియాకే బలం. ఒక కుటుంబం ఎదురుచూపులో, ఒక మనిషి ఒంటరితనంలో దొరికిన మందు అది. దాన్ని వృథా చేయకుండా పిల్లల కాలానికి మిగల్చడం మన చేతుల్లో ఉన్న పని.