దారులు తెలిసిన మనిషి - జిమ్ బ్రిడ్జర్

గొప్పవాళ్లంటే బాగా చదువుకున్నోళ్లే అని మనం అనుకుంటాం. అక్షరం ముక్క రాని ఒక వేటగాడి జీవితం నేను రాస్తున్నాను.

జిమ్ బ్రిడ్జర్ 1804లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. చిన్నప్పుడే అమ్మా నాయనా చనిపోయారు. కమ్మరి కొలిమిలో పనికి కుదిరాడు. బడికి పోలేదు.

1822లో, 18 ఏళ్లప్పుడు, ఆష్లే అనే వ్యాపారి మనుషులతో మిస్సోరీ నది వెంబడి పడమటి కొండలకు పోయాడు. వాళ్ల పని బీవర్లను పట్టడం. బీవర్ మన నీటికుక్క లాగా నీళ్లల్లో తిరుగుతుంది, పళ్లతో చెట్లు కొరికి వాగుకు కట్ట కడుతుంది. దాని బొచ్చుతో పెద్దోళ్లకు టోపీలు చేసేవారు. వేటగాళ్లు గడ్డకట్టే చలినీళ్లలో దిగి ఇనుప ఉచ్చులు పెట్టేవారు. ఏటా ఎండాకాలం కొండల్లో సంత జరిగేది. అక్కడ తోళ్లు తీసుకొని తుపాకి మందు, కాఫీ, చక్కెర ఎక్కువ ధరకు ఇచ్చేవారు. మన సంతల్లో కొందరు షావుకార్లు చేసినట్టే!

1824-25 చలికాలంలో ఆయన ఒక పెద్ద సరస్సు చూశాడు. నీళ్లు ఉప్పగా ఉంటే సముద్రం అనుకున్నాడంట. అదే గ్రేట్ సాల్ట్ లేక్. 1832లో పోరాటంలో వీపులో బాణం దిగింది. దాని ఇనుప మొన మూడేళ్లు లోపలే ఉంది. 1835లో విట్‌మన్ అనే డాక్టరు సంత దగ్గర అందరూ చూస్తుండగా కోసి తీశాడు.

బ్రిడ్జర్‌కి ఆదివాసుల భాషలు చాలా వచ్చు. అడవిదున్న తోలు మీద బొగ్గుతో కొండలు, నదులు గీసి చూపించేవాడు. మా నాయన కూడా చదువుకోలేదు గానీ ఏ బాట ఏ వాగు దగ్గర తేలుతుందో చెప్తాడు. అది కూడా చదువే అని నాకు అనిపిస్తుంది.

కొన్నేళ్లకు బీవర్లు తగ్గిపోయాయి. పట్టు టోపీలు వచ్చాయి. 1840తో ఆ సంత ఆగిపోయింది. 1843లో బ్రిడ్జర్, ఆయన భాగస్వామి కలిసి దారి పక్కన ఒక కోట కట్టి అంగడి, కొలిమి పెట్టారు. దాని పేరు ఫోర్ట్ బ్రిడ్జర్. పడమరకు భూముల కోసం పోయే వేల మంది బండ్లు అక్కడ ఆగేవి. వేటగాళ్లు నడిచిన కాలిబాటలే బండ్ల బాటలయ్యాయి. ఆ వేటగాళ్లకు ముందే ఆ బాటలు అక్కడి ఆదివాసులవి.

1864లో బంగారం కోసం పోయేవాళ్లకు బ్రిడ్జర్ కొత్త దారి చూపాడు. లకోటా జాతి వేటభూమి తొక్కకుండా కొండలకు పడమరగా తిప్పి తీసుకుపోయాడు. అయినా 1866లో సర్కారు ఆ వేటభూమిలోనే కోటలు కట్టింది. యుద్ధం జరిగింది.

ఆయన మూడో భార్య షొషోనీ ఆదివాసి. 1868లో ఆయన పేరున్న కోట దగ్గరే షొషోనీలతో సర్కారు ఒప్పందం రాయించి, వాళ్లకు హద్దులు గీసిన చోటు ఇచ్చింది. అప్పటికి ఆ కోట సైన్యం చేతిలో ఉంది.

ముసలితనంలో బ్రిడ్జర్‌కి చూపు పోయింది. 1881లో మిస్సోరీలోని తన పొలం దగ్గర చనిపోయాడు.

ఆయన ధైర్యం నాకు నచ్చింది. కానీ దారి చూపినోడు ఒకడు, ఆ దారిన వచ్చి భూమి తీసుకున్నోళ్లు వేల మంది. అందుకే దారి అడిగినోళ్లని ఎందుకు పోతున్నారో మనం కూడా అడగాలి.

- 9వ తరగతి విద్యార్థిని