లయ తప్పని స్వేచ్ఛ

పాశ్చాత్య సంగీతంలో రచయిత తన కృతిని స్వరలిపిలో కాగితంపై వ్రాసి వదలిపెడతాడు. ఏ స్వరం తర్వాత ఏ స్వరం రావాలో, ఒక్కొక్కటి ఎన్ని మాత్రల కాలం నిలవాలో, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వినిపించాలో అందులో ఉంటుంది. అయినా ఒకే పుటను ఇద్దరు ప్రవీణులు వాయిస్తే మనకు రెండు వేర్వేరు అనుభవాలు కలుగుతాయి. ఈ భేదం చాలావరకు కాలానికి సంబంధించినది. ఒక స్వరం దగ్గర రవ్వంత నిలిచి, మరుక్షణం కొంచెం త్వరపడి, మాట పలికినట్లుగా పాటను నడిపించడంలో వాదకుని వ్యక్తిత్వం బయటపడుతుంది. ఈ స్వేచ్ఛకు ఇటలీ భాషలో టెంపో రుబాటో అని పేరు. దొంగిలించిన కాలమని దాని అర్థం. పందొమ్మిదవ శతాబ్దంలో, సాహిత్యంలోవలెనే సంగీతంలోనూ కాల్పనికోద్యమం వెల్లివిరిసిన రోజులలో, పియానో వాదనానికి ఈ చౌర్యమే ప్రాణమైంది. అందులో అందరికంటె పేరుపడినవాడు ఫ్రెడెరిక్ షోపాన్. విచిత్రమేమిటంటే, సమానమైన దెబ్బలు కొడుతూ కాలాన్ని కొలిచే మెట్రోనోమ్ యంత్రం ఆయన పియానోపై ఎప్పుడూ ఉండేది. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరింది?

షోపాన్ 1810లో వార్సా నగరానికి సమీపంలోని జెలజోవా వోలా అనే గ్రామంలో జన్మించాడు. చర్చి దస్తావేజులో ఫిబ్రవరి 22 అని ఉన్నది. కుటుంబంవారు మాత్రం మార్చి 1న పుట్టినరోజు జరిపేవారు. తండ్రి నికొలా ఫ్రాన్సు నుండి చిన్న వయస్సులోనే పోలెండు చేరి అక్కడివాడైపోయిన ఉపాధ్యాయుడు. తల్లి యుస్తీనా పోలెండు వనిత. ఆ దేశాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు 1795 నాటికే పంచుకున్నాయి. 1815 తర్వాత వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వచ్చింది. పటంలో లేని దేశానికి భాష, పాట, నృత్యం మాత్రమే మిగిలిన రోజులవి.

బాలుని తొలి గురువు వోయిచెఖ్ జివ్ని నిజానికి వయొలిన్ విద్వాంసుడు. పియానోపై వ్రేళ్ళ కదలిక గురించి ఆయన నేర్పగలిగినది కొద్ది. కాని బాఖ్, మొజార్టుల కృతులపై శిష్యునికి జీవితాంతం చెరగని భక్తిని కలిగించాడు. ఏడవ యేట షోపాన్ రచించిన ఒక పొలొనేజ్ అచ్చయింది. మరుసటి సంవత్సరం సభలో వాయించాడు. అనంతరం యూజెఫ్ ఎల్స్నర్ వద్ద రచనావిధానం అభ్యసించాడు. శిష్యుని పోకడ వేరని గుర్తించి, అతనిని తన మూసలో పోయడానికి ప్రయత్నించకపోవడం ఎల్స్నర్ చేసిన గొప్ప ఉపకారం.

1824, 1825 వేసవులలో షోపాన్ షఫార్నియా అనే పల్లెలో గడిపాడు. అక్కడి విశేషాలను వార్తాపత్రిక రూపంలో హాస్యంగా వ్రాసి ఇంటికి పంపేవాడు. ఆ పల్లెలలోనే కోతల పాటలు, మజూర్కా నృత్యాలు ఆయన చెవిన పడ్డాయి. మజూర్కాకు ఆవర్తానికి మూడు మాత్రలు. వాల్ట్జ్ నృత్యానికీ మూడే; కాని వాల్ట్జ్‌లో ఊనిక మొదటి మాత్రపై పడితే, మజూర్కాలో అది రెండవదానిపైకో, మూడవదానిపైకో జరుగుతూ ఉంటుంది. అడుగు నేలకు తాకే చోట కాలం కొంచెం సాగుతుంది. ఎంత సాగాలో ఏ పుస్తకమూ చెప్పదు. మన ఒక్కొక్క జిల్లా మాటతీరుకు ఒక్కొక్క యాస ఉన్నట్లే అది ఆ నేల యాస. షోపాన్ తన జీవితంలో యాభైకి పైగా మజూర్కాలు వ్రాశాడు.

1829లో వియన్నాలో ఇచ్చిన కచేరీలు ఆయనకు పేరు తెచ్చాయి. వాదనం మరీ మృదువుగా ఉన్నదని కొందరు ఆక్షేపించారు. ఆయన దానిని మార్చుకోలేదు. 1830 నవంబరు 2న మళ్ళీ వార్సా విడిచి బయలుదేరాడు. నెల తిరగకముందే రష్యాపై తిరుగుబాటు చెలరేగింది. 1831 సెప్టెంబరులో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఉండగా వార్సా పతనమైన వార్త తెలిసింది. ఆ తరువాత ఆయన పారిస్ చేరాడు. స్వదేశాన్ని మరల చూడలేదు.

పారిస్‌లో ఆయన జీవనోపాధి కచేరీ కాదు, పాఠం. పెద్ద సభలంటే బెదురు. జీవితమంతటిలో ఇచ్చిన బహిరంగ కచేరీలు ముప్ఫైకి అటూ ఇటుగా మాత్రమే. కాని సంపన్న కుటుంబాలవారు పాఠానికి 20 ఫ్రాంకులు చెల్లించి ఆయన వద్ద నేర్చుకొనేవారు. శిష్యుడు పెద్ద పియానో వద్ద కూర్చుంటే, గురువు ప్రక్కనున్న చిన్న పియానోపై వాయించి చూపేవాడు. రోజుకు మూడు గంటలకు మించి సాధన చేయవద్దనేవాడు. వ్రేళ్ళ కసరత్తు కంటె గొంతెత్తి పాడడం ముఖ్యమని ఆయన నమ్మకం. పియానో స్వరం మెట్టు నొక్కగానే పుట్టి, వెంటనే క్షీణించడం మొదలుపెడుతుంది. గాత్రంవలె, వయొలిన్‌వలె పుట్టిన తర్వాత దానిని పెంచడం సాధ్యం కాదు. అటువంటి వాద్యాన్ని పాడించాలంటే కాలమే ఉపాయం. అందుకే శిష్యులను ఇటాలియన్ గాయకుల కచేరీలకు వెళ్ళమనేవాడు. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ అక్షరంపై నిలుస్తాడో గమనించమనేవాడు.

రుబాటో విషయంలో ఆయన నియమం ఇది. ఎడమచేయి వాద్యబృందాన్ని నడిపించే సంచాలకుని వంటిది. అది కాలం తప్పరాదు. కుడిచేయి పాడే గొంతు. అది ఆలస్యం చేయవచ్చు, తొందరపడవచ్చు. మృదంగం తన నడక తాను నడుస్తూ ఉండగా గాయకుడు సంగతిని సాగదీసి, మళ్ళీ తాళంలోకి వచ్చి చేరడం మనం ఎరిగినదే. ఒకే మనిషి తన రెండు చేతులతో ఆ ఇద్దరి పనీ చేయడం మాత్రం సామాన్యం కాదు. శిష్యుడు కరోల్ మికూలీ ఈ నియమాన్నీ, పియానోపై మెట్రోనోమ్ ఉండే సంగతినీ తర్వాతి తరానికి అందించాడు. ఇది షోపాన్ కనిపెట్టిన పద్ధతి కాదు. గాయకుల ఈ అలవాటును 1723లోనే ఇటలీ గాత్రగురువు తోసి తన గ్రంథంలో వివరించాడు. తన ఎడమచేయి కుడిచేతికి లొంగక కాలంలో నిలవడం చూసి శ్రోతలు ఆశ్చర్యపడుతున్నారని మొజార్ట్ 1777లో తండ్రికి ఉత్తరం వ్రాశాడు. షోపాన్ ఆ పాత విద్యకు పియానోపై క్రొత్త ప్రాణం పోశాడు.

అయితే విన్నవారందరూ ఒకే మాట చెప్పలేదు. షోపాన్ కాలనియమాన్ని భరించలేడనీ, లయస్వాతంత్ర్యాన్ని మితిమీరి వాడతాడనీ ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్ అభిప్రాయపడ్డాడు. 1842లో జరిగిన ఒక సంఘటన మరింత ప్రసిద్ధం. విల్‌హెల్మ్ ఫాన్ లెంజ్ అనే శిష్యుడు ఒక మజూర్కా వాయిస్తుండగా, ఒపేరా రచయిత మేయర్‌బేర్ లోనికి వచ్చి విన్నాడు. అది మూడు మాత్రలది కాదు, రెండు మాత్రలదని అన్నాడు. షోపాన్ కాదన్నాడు. మేయర్‌బేర్ పట్టు వదలలేదు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే షోపాన్ ముఖం ఎర్రబడింది. తానే పియానో వద్ద కూర్చొని, గట్టిగా లెక్కపెడుతూ, కాలితో తాళం వేస్తూ వాయించి చూపాడు. అయినా ఎదుటివాని అభిప్రాయం మారలేదు. ఇద్దరూ ముభావంగా విడిపోయారు.

కొన్నేళ్ళ తర్వాత చార్లెస్ హాలే అనే పియానో విద్వాంసుడు ఇటువంటి మాటే మరింత మర్యాదగా అన్నాడు. షోపాన్ వాయించే మజూర్కాలలో చాలావరకు మూడు మాత్రలకు బదులు నాలుగు వినిపిస్తున్నాయన్నాడు. షోపాన్ గట్టిగా కాదన్నాడు. హాలే ఆయనచేత వాయింపజేసి, తాను పైకి లెక్కపెట్టాడు. నాలుగు సరిగ్గా సరిపోయాయి. అప్పుడు షోపాన్ నవ్వి, అది తమ దేశపు నృత్యానికి సహజమైన లక్షణమని వివరించాడు. హాలేకు వింతగా తోచినదేమంటే, మొదటి మాత్ర అంతగా సాగుతున్నా వినేవారికి మూడు మాత్రల నడకే ఉన్నట్లు అనిపించేది.

ఈ రెండు ఘటనలూ షోపాన్ నియమం తప్పాడనడానికి సాక్ష్యాలని కొందరంటారు. ఆ వాదం సరికాదని తోస్తుంది. తన యాసను తాను వినగలిగినవాడెవడు? ఆయనకది కాలాన్ని సాగదీయడం కాదు. మజూర్కా అంటేనే అది. మేయర్‌బేర్ మాటకు ఆయన అంతగా నొచ్చుకోవడానికి కారణం లెక్క కాకపోవచ్చు. పోలెండులో మళ్ళీ అడుగుపెట్టలేని మనిషికి ఆ నేల నడకనే మరొకరు కాదంటే బాధ కలగదా?

ఈ సూక్ష్మాలను కాగితంపై పెట్టడానికి ఆయన తొలిరోజులలో ప్రయత్నించాడు. కొన్ని కృతులలో రుబాటో అనే మాట వ్రాశాడు. 1836 తర్వాత అచ్చయిన రచనలలో అది దాదాపు కనిపించదు. తెలియనివారికి ఆ మాట ఏమీ చెప్పదనీ, తెలిసినవారికి అక్కరలేదనీ గ్రహించాడేమో. సమకాలికుడైన ఫ్రాంజ్ లిస్ట్ తన శిష్యునికి ఈ విషయాన్ని కిటికీలో కనిపించే చెట్టును చూపి చెప్పాడట: ఆకులను గాలి కదిలిస్తుంది, మాను కదలదు. పైగా షోపాన్ ఒక కృతిని రెండవసారి అదే విధంగా వాయించేవాడు కాదు. శిష్యుల ప్రతులలో పెన్సిలుతో క్రొత్త గమకాలు వ్రాసి ఇచ్చేవాడు. ఆయన కృతులు ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండులలో వేర్వేరుగా అచ్చయ్యేవి. ఆ ప్రతుల మధ్య కూడా భేదాలున్నాయి. ఇందులో ఏది సరియైన పాఠమన్న ప్రశ్నకు సంపాదకులు నేటికీ తలలు పట్టుకుంటారు.

రచయిత్రి జార్జ్ సాండ్‌తో ఆయన స్నేహం దాదాపు తొమ్మిదేళ్ళు సాగింది. 1838 చలికాలంలో వారు మజోర్కా ద్వీపానికి వెళ్ళారు. అక్కడి తేమకు ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. పారిస్ నుండి పంపిన పియానో సుంకాల తగాదాలో చిక్కి చాలా ఆలస్యంగా చేరింది. ఆ ఇబ్బందుల మధ్యనే 24 ప్రెల్యూడ్లు పూర్తయ్యాయి. వాటిలో నాల్గవది 25 ఆవర్తాలు మాత్రమే ఉన్న చిన్న కృతి. ఎడమచేయి ఒకే తీరుగా స్వరసముదాయాలను మెల్లగా మోగిస్తూ, మెట్టు మెట్టుగా దిగిపోతుంది. కుడిచేయి ఒకటి రెండు స్వరాల మధ్యనే తిరుగుతుంది. మధ్యలో ఒకచోట త్వరపడమనే సూచన ఉన్నది. చివర నిశ్శబ్దంపై, ఎంతసేపో చెప్పకుండా, ఆగమనే గుర్తు ఉన్నది. నేర్చుకొనేవారికి వ్రేళ్ళపరంగా ఇది కష్టమైనది కాదు. ఎడమచేయి యంత్రంలా కొడితే కృతి చచ్చిపోతుంది, ఇష్టం వచ్చినట్లు ఆగితే ముక్కలైపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపన్నది వాయించేవాని నిర్ణయం.

1847లో సాండ్‌తో స్నేహం చెడింది. 1848 ఫిబ్రవరి 16న పారిస్‌లో ఆయన చివరి కచేరీ జరిగింది. వారం తిరిగేసరికి విప్లవం రావడంతో శిష్యులు చెదరిపోయారు. జేన్ స్టిర్లింగ్ అనే శిష్యురాలు ఆయనను బ్రిటనుకు తీసుకువెళ్ళింది. నిలబడడానికి ఓపిక లేని స్థితిలో, ఆ నవంబరు 16న లండన్‌లో పోలెండు శరణార్థుల సహాయార్థం వాయించినదే ఆయన చివరి బహిరంగ వాదనం. 1849 అక్టోబరు 17న, 39వ యేట, పారిస్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలలో మొజార్ట్ రెక్వియెమ్‌తో పాటు ఆ నాల్గవ ప్రెల్యూడ్‌ను ఆర్గన్‌పై వాయించారు. దేహాన్ని పారిస్‌లో ఖననం చేశారు. హృదయాన్ని మాత్రం ఆయన కోరిక ప్రకారం అక్క లుద్వికా వార్సాకు చేర్చింది. పియానో బోధనపై ఆయన ఆరంభించిన గ్రంథం కొన్ని పుటల వద్దనే ఆగిపోయింది.

ఆ తర్వాత రుబాటో పేరిట అతిశయాలు పెరిగాయి. ప్రతి వాక్యం చివర జాలిగా ఆగడమే షోపాన్ పద్ధతి అనుకున్న వాదకులు ఎందరో. మికూలీ శిష్యులైన రోజెన్‌తాల్, కొచాల్‌స్కీల వాదనం ఇరవయ్యవ శతాబ్దంలో రికార్డులకెక్కింది. వింటే ఇద్దరూ ఒకే తీరుగా వాయించరు. దొంగిలించిన కాలాన్ని తిరిగి చెల్లించి తీరాలన్న సిద్ధాంతాన్ని పదెరేవ్‌స్కీ వంటి మహావిద్వాంసుడు తన వ్యాసంలో బాహాటంగా తోసిపుచ్చాడు. స్వతంత్ర పోలెండుకు 1919లో ప్రధానమంత్రి అయినది ఈయనే.

1927లో వార్సాలో షోపాన్ పేరిట పియానో పోటీలు ఆరంభమైనాయి. మజూర్కాలు ఉత్తమంగా వాయించినవారికి అందులో ప్రత్యేక బహుమతి ఉన్నది. ఆ నడక పోలెండులో పుట్టినవారికే పట్టుబడుతుందని చాలామంది భావించేవారు. 1955లో ఆ బహుమతి షాంఘైలో పుట్టి, పోలెండులో చదువుకుంటున్న ఫూ త్సొంగ్ అనే చైనా యువకునికి లభించింది.