డాక్టరు అన్నా కుగ్లరుగారు

గుంటూరు పట్టణమున కుగ్లరు ఆసుపత్రి యన్న నెఱుగనివా రరుదు. ఆ పేరుగల దొరసానిగా రెవరో, ఏల సముద్రములు దాటి వచ్చిరో, వారి పనివలన మన దేశమునకు గలిగిన మే లెట్టిదో మన బాలబాలికలలో ననేకు లెఱుగరు. కావున వారి చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అన్నా సారా కుగ్లరుగారు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియాయందు ఆర్డ్‌మోరు అను నూర జన్మించిరి. ఆ కాలమున అమెరికాలో సయితము స్త్రీ వైద్యవిద్య నభ్యసించుట వింతగా నెంచబడుచుండెను. పెక్కు వైద్యకళాశాలలు స్త్రీలను చేర్చుకొనకుండెను. అయినను ఫిలడెల్ఫియా నగరమున 1850లో స్త్రీలకొఱకే యొక వైద్యకళాశాల స్థాపింపబడెను. కుగ్లరుగారు దానిలో చదివి 1879లో పట్టము పొందిరి. మహారాష్ట్ర దేశీయురాలగు ఆనందీబాయి జోషిగారు 1886లో వైద్యపట్టము పడసినదియు నీ కళాశాలయందే. ఒక దేశపు స్త్రీలకు తెఱవబడిన తలుపు వేఱొక దేశపు స్త్రీలకును దారి చూపునని దీనివలన గ్రహింపవచ్చును.

చదువు ముగిసిన పిమ్మట వారు నారిస్‌టౌనునందలి మనోవ్యాధుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమున బనిచేసిరి. అప్పుడు గుంటూరు మిషనులోని రో దొరగారు, ఇచ్చటి స్త్రీలకు వైద్యురాండ్రు లేని కొఱతను దెలుపుచు వారికి జాబు వ్రాసిరి. ఆ జాబు వారి జీవితమును మార్చెను. వారు 1882లో లూథరను సంఘపు స్త్రీల సమాజమునకు దరఖాస్తు పంపుకొనిరి. వైద్యపు పని నారంభించుటకు తాము సిద్ధముగా లేమనియు, బోధకురాలుగా మాత్రము పంపగలమనియు సమాజమువారు బదులు తెలిపిరి. పట్టము పొందిన వైద్యురాలు పంతులమ్మగా బయలుదేరవలసివచ్చెను. ఎప్పటికైనను వైద్యపు పని యారంభమగునను నమ్మకముతో వారందుల కొప్పుకొని, 1883వ సంవత్సరము నవంబరు నెలలో గుంటూరు చేరిరి.

ఆనాటి మన స్త్రీల స్థితి నొకింత తలంచుకొనవలయును. బాలికలకు పసితనముననే పెండ్లిండ్లు జరుగుచుండెను. శరీరము పూర్తిగా నెదుగకమున్నే వారు తల్లు లగుచుండిరి. కాన్పు కష్టమైనచో మంత్రసాని యెఱిగిన దానితో సరిపెట్టుకొనవలసినదే. ఘోషా స్త్రీలును, అగ్రవర్ణములవారి స్త్రీలును పురుషవైద్యుని యెదుటికి రారు. వత్తు మన్నను ఇంటివా రొప్పుకొనరు. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొన నారంభించెను గాని, వైద్యురాండ్రు మిక్కిలి యరుదు. మందు లేక చచ్చినవారు కొందఱైతే, మందుండియు దాని నిచ్చుటకు స్త్రీ లేక చచ్చినవారు మఱికొందఱు. స్త్రీవిద్య లేకపోవుట ప్రాణముల మీదికి వచ్చు విషయ మని యంతకంటె స్పష్టముగా జెప్పు దృష్టాంత మేమి కావలయును?

కుగ్లరుగారు పగలు బాలికల పాఠశాలల పనియు జెనానాలలో బోధయు చేయుచునే రోగులను జూడసాగిరి. మొదటి సంవత్సరముననే 185 మందికి వారి యిండ్లలోను, 276 మందికి తమ బసలోను వైద్యము చేసిరి. వారు తాకిన వస్తువులను మైలపడిన వానిగా నెంచి శుద్ధి చేసికొనువా రుండిరి. వారు దానికి గినియలేదు. పిలిచిన యింటికెల్ల వెళ్లిరి. ఈ పనిని జూచి, సమాజమువారు 1885లో వారిని వైద్యురాలుగానే నియమించిరి. అడిగిన నాడు దొరకని హక్కు, పని చేసి చూపిన తరువాత దొరకెను. మరుసటి సంవత్సరమున గుంటూరున మందులశాల వెలసెను.

మందులశాలతో వారు తృప్తిపడలేదు. 1889లో స్వదేశమునకు బోయి, ఆసుపత్రి కావలసిన యక్కఱను సంఘములకు దెలిపి, తిరిగివచ్చిరి. 1895లో కేథరిను ఫాస్ అను నర్సమ్మగారు వారికి తోడ్పడ వచ్చిరి. 1897వ సంవత్సరము జూను నెలలో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెఱవబడెను. క్రమముగా కాన్పుల వార్డును, పిల్లల వార్డును, నర్సుల వసతిగృహమును దానికి జేరెను. తెలుగు బాలికలు నర్సుపని నేర్చి జీతము దెచ్చుకొనసాగిరి. ఒకరి దయపై నాధారపడి బ్రతుకవలసిన స్త్రీకి సొంత సంపాదన కలుగుట ఆ రోజులలో చిన్న సంగతి కాదు.

ఏలూరు జమీందారులును కవులును నగు మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరువారి ధర్మపత్నికి కుగ్లరుగారి సంరక్షణమున క్షేమముగా కాన్పాయెను. అందుకు కృతజ్ఞతగా వారు రోగుల బంధువులు దిగుటకై యాసుపత్రియొద్ద సత్రము కట్టించిరి. రాజుగారి యింటనైనను కూలివాని గుడిసెనైనను కాన్పుగండ మొక్కటియే గదా! ఆ సత్రమున దిగువారిలో నన్ని కులములవారును, అన్ని మతములవారును నుండిరి.

ప్రభుత్వమువారు 1905లో కుగ్లరుగారికి కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చి గౌరవించిరి. వారు వివాహము చేసికొనక, నలువదియేడు సంవత్సరములు గుంటూరునే తమ యూరుగా నెంచుకొని, 1930వ సంవత్సరము జూలై 26వ తేదీన దేహము చాలించిరి. తరువాత ఆసుపత్రికి వారి పేరే స్థిరపడెను.

ఇక వారి పనివలన దేశమునకు గలిగిన లాభమును విచారింతము. ఒక తల్లి కాన్పులో మరణించినచో నష్టము ఆ యింటితో నాగదు. పసికందు బ్రతుకుట దుర్లభము. పెద్దకూతురు బడి మాని పిల్లల నెత్తుకొనవలసివచ్చును. పొలమున రెండు చేతులు తగ్గును. వైద్యమునకును కర్మలకును చేసిన యప్పు మిగులును. చదువుమానిన యా బాలికకు తొందరగా పెండ్లి చేయుదురు. తల్లి కష్టమే కూతునకు వచ్చును. ఇట్టి యిండ్లు వేలకొలది యున్న దేశమున గనులున్నను నదులున్నను సంపద నిలువదు. తల్లి బ్రతికి, ఆరోగ్యముగా నుండి, కాన్పులకు నడుమ తగిన యెడము కలిగెనేని, పిల్లలకు తిండియు చదువును దొరకును. తల్లియు పనిచేసి నాలుగు రూపాయలు కూడబెట్టగలదు. దేశభాగ్య మనునది యిట్టి యిండ్ల మొత్తమే.

అయితే ప్రాణము నిలుపుట మొదటి మెట్టు మాత్రమే. ఎప్పుడు పెండ్లాడవలయునో, ఎప్పుడు తల్లి కావలయునో, ఎందఱు బిడ్డలు కావలయునో నిర్ణయించుటలో స్త్రీకి మాట యుండుట రెండవ మెట్టు. ఆ మెట్టు మెల్లగా గట్టబడినది. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహవయస్సును 14 సంవత్సరములుగా విధించెను. 1978లో నది 18 ఆయెను. 1952లో మన దేశము కుటుంబనియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా నారంభించెను. 1971 నాటి చట్టము, అపాయకరమైన గర్భమును అర్హులగు వైద్యులచే తొలగించుకొనుటకు షరతులతో ననుమతించెను. 2018-20 సంవత్సరముల లెక్కనుబట్టి ఆంధ్రప్రదేశమున లక్ష సజీవజననములకు 45 మంది తల్లులు మరణించిరి. దేశమంతటికి నీ లెక్క 97. కాని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమున్నే పెండ్లి జరిగినది. చట్టము కాగితముపై నుండగా, పందిరి వాకిట వేయబడుచున్నది.

అడ్డతీగల మన్యమున నివసించు మనకీ చరిత్రము మఱింత దగ్గఱిది. దారి లేని కొండపల్లెలనుండి నిండుగర్భిణిని డోలీకట్టి మోసికొనివచ్చుట మన మెఱుగనిది కాదు. వాగు పొంగినచో డోలీ యీవల యొడ్డుననే నిలిచిపోవును. ఆసుపత్రి యున్న చాలదు. అచ్చటికి బాట యుండవలయును, అచ్చట తన భాషయు తన సిగ్గును నెఱిగిన స్త్రీ యుండవలయును. కొండరెడ్ల యింటనుండియు, కోయదొరల యింటనుండియు నొక బాలిక నర్సుగానో డాక్టరుగానో చదివివచ్చినచో, ఆమె మాట వినినట్లు కొండవారు వేఱొకరి మాట వినరు.

తలిదండ్రులారా, పదవతరగతి కాకమున్నే కుమార్తె బడి మానిపింపకుడు. బాలికలారా, పంతులమ్మగా బయలుదేరిన కుగ్లరుగారికి వైద్యురాలను పేరు దక్కుటకు రెండేండ్లును, ఆసుపత్రి తలుపులు తెఱచుటకు పదునాలుగేండ్లును బట్టెనని మఱువకుడు. ఆ తలుపులలోనికి నడచివచ్చిన తల్లుల మనుమలును మునిమనుమలును నేడు మన రాష్ట్రమున పొలములలోను, కార్యాలయములలోను, పాఠశాలలలోను పనిచేయుచున్నారు. వారి చరిత్రమున మనము చదువవలసిన లెక్క యిదియే.