మూడవ సాలార్‌జంగ్ - అసలు, నకలు

మన అనంతగిరి, కోదాడ వైపు నుంచి విజయవాడ రోడ్డున బస్సెక్కి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినవారికి సాలార్‌జంగ్ మ్యూజియం ఎంతో దూరం కాదు. పిల్లలకు గంట కొట్టే గడియారం చూపించి, మేలిముసుగు రెబెకా దగ్గర కాసేపు నిలబడి వచ్చినవాళ్ళమే మనలో చాలామంది. యూరపు తైలవర్ణ చిత్రాల గదిలో మాత్రం ఎక్కువసేపు ఆగము. వాటిని కూడబెట్టిన మనిషి గురించి ఈ నాలుగు మాటలు.

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రి రెండవ సాలార్‌జంగ్ కన్నుమూశారు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్పై ఏళ్ళు హైదరాబాదు దివానుగిరీ చేసిన ఘనుడు. మనవడికి కూడా 1912లో, ఇరవైమూడో ఏట, ఏడవ నిజాం ఆ పదవి ఇచ్చారు. 1914లో ఆయన దాన్ని వదులుకున్నారు. మనలో చాలామంది యాభై ఎనిమిదికి రిటైరయ్యాము. ఆయన ఇరవై ఐదుకే! పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా, జాగీరు రాబడితో సహా, వస్తువుల సేకరణకే పోయింది. వర్తకులు దివాన్ దేవిడీకి సరుకు తెచ్చేవారు; తానూ యూరపు వెళ్ళి కొన్నారు.

కొన్నవన్నీ అసలువేనా? కావు. కానలెటో వెనిస్ చిత్రం, హాయెజ్ సబ్బు బుడగల చిత్రం వంటి వాటి పక్కనే మహాచిత్రకారుల పటాలకు నకళ్ళు కూడా ఆయన సంపదలో ఉన్నాయి. ఇందులో మోసం ఉందని తొందరపడకూడదు. పందొమ్మిదో శతాబ్దపు యూరపులో చిత్రశాలల్లో కూర్చుని పాత పటాలకు నకళ్ళు తీయడం గౌరవమైన వృత్తి. నకలును నకలుగా అమ్మితే తప్పు లేదు. పెద్ద చిత్రకారుడి సంతకం దొంగగా పెట్టినప్పుడే నేరం. ట్రూ కాపీకీ దొంగ సర్టిఫికెట్టుకూ ఉన్న తేడా ఇదే. ఇన్నేళ్ళు ఆఫీసుల్లో ముద్రలు వేసిన మనకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

రెబెకా సంగతి ఇంకా చిత్రం. దాన్ని కొన్నది మూడవ సాలార్‌జంగ్ అనుకుంటాం గాని, 1876లో రోము నగరంలో కొన్నది తాతగారు. చెక్కిన బెంజోనీయే అటువంటివి మరికొన్ని చేశాడు. అవి అమెరికాలోనూ ఉన్నాయి. అన్నీ అసలువే!

పటం విషయంలో నిపుణులు ముందు కాగితాలు అడుగుతారు: ఎవరి దగ్గర కొన్నారు, అంతకుముందు ఎవరింట ఉంది అని. తరువాత గుడ్డ, రంగు చూస్తారు. టైటానియం తెల్లరంగు 1920 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. 1768లో పోయిన కానలెటో పేరు చెప్పే పటంలో అడుగు పొరనుంచీ ఆ తెలుపే కనిపిస్తే అనుమానించాల్సిందే. పైపైన మాత్రమే ఉంటే, ఆ తరువాత ఎవరో బాగుచేసి ఉండవచ్చు. ఎక్స్‌రే తీస్తే చిత్రకారుడు వేసి చెరిపేసిన గీతలు లోపల కనబడతాయి. చూసి దింపేవాడికి సాధారణంగా ఆ తడబాటు ఉండదు. ఒక్క పరీక్షతో మాత్రం ఏదీ తేలదు.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ సంతానం లేకుండా మరణించారు. ఏది ఎందుకు కొన్నారో చెప్పగల ఆ ఒక్క మనిషీ పోయారు. దేవిడీ నిండా వేలకొద్దీ వస్తువులు మిగిలాయి. వాటిని మ్యూజియంగా అమర్చే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలోనే ప్రారంభించారు. వారసుల అంగీకారంతో 1958లో అది కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

ఈసారి వెళ్ళినప్పుడు గడియారం గంట కొట్టేదాకా ఎలాగూ వేచి ఉండాలి గదా, ఆలోగా పైకి వెళ్ళి ఆ కానలెటో ముందు కాసేపు నిలబడండి.