చేతికి చదువు నేర్పిన పాదిరిగారు: రెవరెండ్ ఉనో సిగ్నేయస్

వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును ఆరాధించే మనము చేతిపనిని చిన్నచూపు చూడరాదు. అయినా హైస్కూలు చదివే పిల్లవాడు ఉలి, రంపము పట్టుకుంటే చదువు పాడవుతుందని అనుకునే తల్లిదండ్రులు మన సంఘములలో నేటికీ ఉన్నారు. చేతిపని కూడ చదువే అని చెప్పి, ఒక దేశపు పాఠశాలలన్నిటికీ దానిని పాఠముగా చేసిన వ్యక్తి ఒక లూథరన్ పాదిరిగారు. ఆయనే ఫిన్లాండు దేశీయుడైన రెవరెండ్ ఉనో సిగ్నేయస్ గారు.

ఆయన 1810వ సంవత్సరము అక్టోబరు 12న హామీన్‌లిన్నా పట్టణములో జన్మించారు. అప్పుడు ఫిన్లాండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. గురువుగా అభిషేకము పొందిన తరువాత ఆయన అలాస్కాలోని సిట్కాకు వెళ్లి, 1840 నుండి 1845 వరకు అక్కడి వర్తక కంపెనీలో పనిచేసే లూథరన్ విశ్వాసులకు పరిచర్య చేశారు. ఆ దినములలో అలాస్కా కూడ రష్యాదే. అక్కడనుండి తిరిగివచ్చి సెయింట్ పీటర్స్‌బర్గులో ఫిన్లాండు వారి సంఘ పాఠశాలను చాలా సంవత్సరములు నడిపించారు. పెస్టలోజీ, ఫ్రోబెల్ అనే విద్యావేత్తల గ్రంథములు ఆయన మనస్సును మార్చినది ఆ కాలములోనే. బిడ్డ వినడము వలన మాత్రమే గాక, చేయడము వలన నేర్చుకుంటాడని ఆయన గ్రహించారు.

1856లో చక్రవర్తి రెండవ అలెగ్జాండరు ఫిన్లాండులో సామాన్య ప్రజలకు పాఠశాలలు ఏర్పరచవలెనని కోరాడు. ప్రభుత్వము అభిప్రాయములు అడుగగా సిగ్నేయస్ గారు తమ ఆలోచన వ్రాసి పంపారు. అది నచ్చి, ఇతర దేశముల పాఠశాలలు చూచి రమ్మని 1858లో ఆయనను పంపించారు. స్వీడన్, జర్మనీ, స్విట్జర్లాండు మొదలైన దేశములు తిరిగి వచ్చి ఆయన సమర్పించిన ప్రణాళికే ఫిన్లాండు విద్యకు పునాది అయినది. 1863లో యువాస్‌క్యులా పట్టణములో ఉపాధ్యాయ శిక్షణాలయము తెరచి, దానికి ఆయనే అధిపతి అయ్యారు. పురుషులతో పాటు స్త్రీలను కూడ ఉపాధ్యాయులుగా తయారుచేసిన ఆ శిక్షణాలయమే పెరిగి పెరిగి నేడు విశ్వవిద్యాలయముగా ఉన్నది.

1866 నాటి పాఠశాలల చట్టములో చేతిపని పాఠ్యాంశముగా చేరినది. దానికి స్లాయిడ్ అని పేరు. సిగ్నేయస్ గారి ఉద్దేశము పిల్లలను వడ్రంగులుగా, కమ్మరులుగా చేయడము కాదు. కంటికి కొలత, చేతికి నిదానము, మనస్సుకు అందము తెలియవలెనని ఆయన కోరిక. కనుక ఆ పాఠము చెప్పవలసినది బయటి పనివాడు కాదు, లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడే అని పట్టుపట్టారు. పనివాడు వస్తువును చూస్తాడు, ఉపాధ్యాయుడు బిడ్డను చూస్తాడని ఆయన భావము.

ఈ మార్గములో ఆయనకు ఎదురు దెబ్బలు తక్కువ కాదు. స్నెల్‌మన్ వంటి మహా పండితుడే ఆయన ప్రణాళికను విమర్శించాడు. పాఠశాల సంఘపు పెత్తనము క్రింద ఉండనవసరము లేదని ఆయన చెప్పినందుకు తోటి గురువులు అనేకులు నొచ్చుకున్నారు. పాదిరియై ఉండి పాఠశాలను సంఘము చేతిలోనుండి తీసివేయడమేమని వారి బాధ. ఆయన వెనుకకు తగ్గలేదు. చట్టము వచ్చిన ఆ రోజులలోనే భయంకరమైన కరవు వచ్చి, 1868 నాటికి ఆ దేశ ప్రజలలో సుమారు నూటికి ఎనిమిది మంది చనిపోయారు. అటువంటి లేమిలో కూడ పాఠశాలల పని ఆగలేదు.

1877లో స్వీడన్ నుండి ఒట్టో సాలొమన్ గారు వచ్చి ఆయనను దర్శించారు. తరువాత సాలొమన్ గారు నాస్ అనే ఎస్టేటులోని తమ శిక్షణాలయములో ఈ విద్యకు ఒక క్రమము ఏర్పరచారు. మొదట కత్తితో చెక్కే చిన్న వస్తువు, పిదప ఒక్కొక్క కొత్త పనిముట్టుతో కష్టమైన వస్తువు, ఇలా మెట్టు మెట్టుగా నేర్పేవారు. అనేక దేశముల ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి నేర్చుకొని వెళ్లారు.

సిగ్నేయస్ గారు 1888 జనవరి 2న హెల్సింకిలో ప్రభువునందు నిద్రించారు. ఆయన కాలములో మగపిల్లలకు కొయ్యపని, ఆడపిల్లలకు కుట్టుపని అనే భేదము ఉండేది. నేడు ఫిన్లాండులో ఏడవ తరగతి వరకు బాలబాలికలు కొయ్య, లోహము, నూలు, విద్యుత్ పరికరములు అన్నిటితోను కలిసి పనిచేస్తారు. ఏమి చేయవలెనో తామే ఊహించి, బొమ్మ గీసి, చేసి, సరిచూచుకుంటారు.

మన దేశములో కూడ 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారా చదువు అనే పద్ధతిని ప్రతిపాదించారు. కాని పరీక్షలకు రాని పాఠమని మన బడులు చేతిపని గంటను ఎన్నిసార్లు లెక్కల గంటగా మార్చలేదు! శతవార్షికోత్సవము జరుపుకొనే మన డయోసిస్ పెద్దలు, తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించవలెను. మన పాఠశాలలలో ఒక్క గది, ఒక బల్ల, నాలుగు పనిముట్లు, ఓర్పుగల ఒక ఉపాధ్యాయుడు ఉంటే ఆరంభమునకు చాలును. దేవుడు మన బిడ్డలకు తలతో పాటు రెండు చేతులు కూడ ఇచ్చాడు.